కొల్లేటి త్రోవలలో క్రొత్త కారు

క్రొత్తకోడలు గృహప్రవేశము చేసిన దినముననే ఆమెకు ఏ నగలు పెట్టవలెనా యని యోచించు అత్తలు కొందఱు. ఆమెకు ఏది సుఖము, ఏది కష్టము అని నాలుగునాళ్లు కనిపెట్టి, పిదప కావలసినది అమర్చువారు కొందఱు. ఇంటికి క్రొత్తగా కారు వచ్చినప్పుడును గృహస్థులు ఈ రెండు తెగలుగానే యుందురు. ఆ కారు వడిగలదైనచో మొదటి తెగవారి సంఖ్య మఱింత హెచ్చును. దానికి ఏమేమి మెరుగులు చేయించవలెనను ప్రశ్న తాళములతోపాటే ఇంటిలోనికి వచ్చును. మేము ఆ ప్రశ్నకు సమాధానమును దుకాణములో గాక, నిత్యము తిరుగవలసిన త్రోవలలో వెదకితిమి. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి ప్రాంతములలో మార్గశిరమాసమున రెండు దినములు చేసిన ఆ ప్రయాణమును గూర్చి సోదరీమణులకు తెలుపుచున్నాము.

వెనుకతలుపు పైకి లేచునట్టి చిన్నకారును హ్యాచ్‌బ్యాక్ అందురు. అట్టి కుటుంబపు కారులో బలమైన ఇంజను నిలిపి, స్ప్రింగులను బిగువు చేసి, బ్రేకులకు బలము చేకూర్చినచో దానిని హాట్ హ్యాచ్‌బ్యాక్ అనుట వాడుక. సంతకు, బడికి, పుట్టింటికి పనికివచ్చుచునే వడిగా పోగలుగుట దీని విశేషము. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనమున ఫోక్స్‌వాగన్ వారు గోల్ఫ్ జీటీఐ యను కారును చూపిరి. 5,000 బండ్లు చేసిన చాలునని వారు తొలుత తలచిరి. కాని మొదటి తరమువే 4 లక్షల 60 వేలకు పైగా తయారైనవి. ఆ కారు సీట్లకు గళ్లబట్టను, గేరుకఱ్ఱ తలపై గోల్ఫ్‌బంతిని ఏర్పఱచినది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అను స్త్రీ. ఆమె పూర్వము పింగాణిపై చిత్రములు వ్రాసిన కళావతి. మగవారి ముచ్చటగా పేరుపడిన బండిలో అందఱును గుర్తుంచుకొను ఆ రెండు వస్తువులును ఒక స్త్రీ ఊహయే యని తెలిసి మేము సంతసించితిమి. మనదేశములో 2015లో ఫియట్ వారి అబార్త్ పుంటో, 2021లో హ్యుందాయ్ వారి ఐ20 ఎన్ లైన్, 2024లో టాటా వారి ఆల్ట్రోజ్ రేసర్ ఈ కోవలో వెలువడినవి.

మా ఇంటికి వచ్చినది ఐ20 ఎన్ లైన్. దాని ఇంజను పరిమాణము ఒక లీటరు మాత్రమే. అయినను పొగ వేగముతో తిరుగు టర్బో యను చిన్నచక్రము గాలిని ఒత్తి లోనికి పంపుటచే 120 గుఱ్ఱముల బలము కలుగుచున్నది. నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు కలవు. మా కోడలు తాడేపల్లిగూడెములో ఉపన్యాసకురాలు. ఏలూరునుండి తానే నడుపుకొని పోయి రావలెను. ఆదివారములందు కైకలూరున నున్న పుట్టింటికి మూడేండ్ల మా మనుమరాలిని వెంటబెట్టుకొని వెళ్లును. కావున ఈ బండి ఆమె నిత్యావసరము, మాకు నిత్యచింత.

మా చిన్నకుమారుడు కార్ల అలంకారముల దుకాణమునకు పోయి ఒక జాబితా తెచ్చెను. పెద్ద అల్లాయ్ చక్రములు, బండిని క్రిందికి దించు పొట్టి స్ప్రింగులు, మ్రోత సైలెన్సరు, గాలిని ఎక్కువగా పీల్చు ఎయిర్ ఫిల్టరు, ఇంజను కంప్యూటరు లెక్కలు మార్చి బలము పెంచు రీమాపు, ఇవి ఐదు. ఆ వెల కూడి చూడగా సంవత్సరమంతయు కూడబెట్టిన సొమ్ము దానికే చాలదు.

“వదినా, ముందు సైలెన్సరు మార్పిద్దాము. బండి వస్తున్నదని వీధంతా తెలియవద్దా?” అని వాడు ఉత్సాహముగా ననెను.

“వీధికి నేను తెలియటం తరువాత, నాయనా. ముందు నాకు రోడ్డు తెలియనీ” అని మా కోడలు నవ్వెను.

ఆ మాట మాకు నచ్చినది. ఒక్క రూపాయియైన వ్యయము చేయకమునుపు ఆమె తిరుగు త్రోవలన్నియు చుట్టివచ్చి, ఏ త్రోవ ఏమి కోరునో వ్రాసికొందమని నిశ్చయించితిమి.

ఏలూరు కాలువల పట్టణము. గోదావరికాలువయు కృష్ణకాలువయు ఇచట కలసికొనును. తమ్మిలేరు పట్టణమునకు ఇరుప్రక్కల పాఱి కొల్లేటిలో పడును. తివాచీల నేతకు పేరుగన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఏలూరు జిల్లాకు ముఖ్యపట్టణమైనది. ఉదయమున అచటినుండి బయలుదేరి, ప్రాచీన వేంగీరాజ్యపు నడిగడ్డయైన దెందులూరు ప్రాంతమును దాటి, భీమడోలు, పూళ్ల, కైకరము, ఉంగుటూరుల మీదుగా తాడేపల్లిగూడెము చేరితిమి. దూరము ఇంచుమించు 50 కిలోమీటర్లు.

ఇది విశాలమైన రహదారి. ఇచట ఈ బండికి బలము చాలదను మాటయే పుట్టదు. కాలు కొంచెము నొక్కినంతనే ముందున్న లారీ వెనుకబడును. అయితే భీమడోలు కూడలిలో ద్వారకాతిరుమల యాత్రికులు రోడ్డు దాటుచుందురు. ఊరూర ఆటోలు ఎదురుదారిని వచ్చును. గేదెలకు ఏ నియమమును లేదు. గంటకు 80 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోవును. గేదె కంటబడి కాలు బ్రేకు మీదికి పోవులోపల ఆ సెకను గడచిపోవును. అటుపిమ్మట బ్రేకుపని మొదలగును. వేగము రెండింతలైనచో బ్రేకు వేసిన పిదప బండి నిలుచుటకు పట్టు దూరము నాలుగింతలగునని విజ్ఞానశాస్త్రము చెప్పుచున్నది. కావున రీమాపునకు పెట్టు సొమ్ము ఈ త్రోవలో మన భయమును పెంచునే కాని కాలమును మిగుల్చదు. పైగా అట్టి మార్పు చేసినచో ఇంజనుపై కంపెనీవారి హామీ చెల్లకపోవచ్చును. క్లచ్చునకును బరువు హెచ్చును.

బండిని నిలుపునది బ్రేకు అనుకొందుము గాని, తుదకు నేలను పట్టుకొనునది టైరే. ఎంత బండియైనను నేలను తాకు భాగము నాలుగు అరచేతులంత మాత్రమే. ఆ నాలుగు అరచేతులలో గాలి తగ్గినను, గాడులు అరిగినను ఎంత మంచి బ్రేకును నిరుపయోగమగును. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు పనికిరాదని మన నిబంధన. టైరు ప్రక్కన అండాకారపు గడిలో నాలుగంకెలుండును. 2324 అనినచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. తడినేలపై టైర్ల పట్టునకు కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రమాణములను ప్రకటించినది. టైర్లు కొనబోవునప్పుడు ఈ రెండు సంగతులును స్త్రీలు నిస్సంకోచముగా అడుగవచ్చును.

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల వ్యాపారమునకు ప్రసిద్ధి. 2015లో స్థాపింపబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థయు ఇచట కలదు. సమీపమున వెంకటరామన్నగూడెములో ఉద్యాన విశ్వవిద్యాలయము కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకై వేసిన రన్‌వే ఆనవాలు ఈ ఊరికి మఱియొక విశేషము. విమానమువంటి వేగమునకు అడ్డులేని తిన్ననినేల వేయవలసివచ్చెను. ఆ మాట తలచుకొన్నప్పుడు, చంటిపిల్లలతో సంసారము చేయు త్రోవలలో అట్టి వేగమును గోరుట తగదని తోచినది.

ఆ ఊర గాలి చూపించుటకై ఒక చిన్న దుకాణమువద్ద ఆగితిమి. దుకాణదారు వృద్ధుడు. మేము జాబితా చూపగా, వెల మాట యెత్తక, “అమ్మగారూ, మీరు ఏ రోడ్డున తిరుగుతారండి?” అని అడిగెను. గణపవరము, ఆకివీడు, కైకలూరు అని చెప్పితిమి. “అయితే పెద్ద చక్రాలు వద్దండి, ఆ గోతులు చూసి రండి” అని మాత్రము చెప్పి గాలి పట్టెను.

ఆయన మాటలోని సత్యము గణపవరము త్రోవలో తెలిసినది. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిదప ఈ సీమయంతయు కాలువలతో నిండి సస్యశ్యామలమైనది. రోడ్లు పెక్కుచోట్ల కాలువగట్ల వెంటనే సాగును. క్రిందిది నల్లరేగడి, వానకు ఉబ్బి, ఎండకు కుంగి, పైనున్న తారును అలలవలె చేయును. తూములవద్ద ఎత్తులు, ఊళ్లవద్ద స్పీడు బ్రేకర్లు లెక్కకు మిక్కిలి.

మా బండి టైరుపై 195/55 ఆర్16 అని యున్నది. వెడల్పు 195 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 55 వంతులు, అనగా 107 మిల్లీమీటర్లు. లోని చక్రము 16 అంగుళములు. దుకాణమువారు చెప్పిన 17 అంగుళముల చక్రమునకు 205/45 టైరు వేయుదురు. దాని ప్రక్కగోడ 92 మిల్లీమీటర్లే. బండి మొత్తపు ఎత్తు ఇంచుమించు మాఱదు గాని, గోతిలో పడినప్పుడు దెబ్బను మ్రింగు రబ్బరు ఒకటిన్నర సెంటీమీటరు తగ్గును. ఆ దెబ్బ చక్రమునకు, పిదప నడుములకు తగులును. పొట్టి స్ప్రింగుల సంగతి చెప్పనక్కఱయే లేదు. నలుగురు పెద్దలును, ఒక బియ్యపుబస్తాయు ఎక్కినచో బండి కడుపు తూము ఎత్తునకు రాచుకొనును.

ఇది కోతల కాలము. రోడ్డులో సగము ధాన్యము ఆరబోసి యుండిరి. ధాన్యపుగింజలు చక్రము క్రింద గోలీలవలె దొరలును. వానిపై బ్రేకు వేసినచో ఎంత మంచి టైరును జాఱును. దూరమునుండియే నెమ్మదించుట తప్ప దీనికి దుకాణములో మందు లేదు.

ఈ త్రోవలో మా మనస్సును కలచిన సంగతి మఱొకటి కలదు. మైళ్లకొలది కాలువకును రోడ్డునకును నడుమ గోడ లేదు. మంచుపట్టిన వేకువను, వానరాత్రియు బండ్లు కాలువలో పడి కుటుంబములు మునిగిన వార్తలు డెల్టాలోని ప్రతియింటివారును వినియున్నవే. బండి నీట పడినప్పుడు వెలుపలి నీటి ఒత్తిడిచే తలుపు తెఱచుకొనదు. మొదటి నిమిషమున విద్యుత్తుతో నడచు అద్దములు తఱచు పనిచేయును. కావున బెల్టు విప్పుకొని, అద్దము దించి, పిల్లలను ముందు వెలుపలికి పంపి పిదప పెద్దలు పోవలెను. అద్దము దిగనిచో పగులగొట్టుటకు మొనగల చిన్నసుత్తి దొరకును. బెల్టు కోయు కత్తియు దానికే యుండును. దానితో ప్రక్క అద్దపు మూలను కొట్టవలెను. ముందుది రెండుపొరల అద్దమగుటచే సులభముగా విడదు. ఈ సుత్తి వెల కొన్ని వందల రూపాయలు. ఐదు వస్తువుల జాబితాలో దీనికి చోటు లేకపోయెను. మా జాబితాలో ఇదియే మొదటిదైనది. దానిని డిక్కీలో గాక నడుపువారి చేతికందునట్లు కట్టియుంచవలెను.

ఆకివీడు దాటి ఉప్పుటేటి వంతెనమీదుగా కైకలూరు చేరితిమి. కొల్లేటి నీరు సముద్రమునకు పోవుదారి ఈ ఉప్పుటేరే. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న కొల్లేటిని 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో 901 చదరపు కిలోమీటర్ల ప్రదేశము రామ్‌సార్ ఒడంబడిక ననుసరించి అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. చేపలచెఱువులు సరస్సును మ్రింగుచున్నవని 2006లో ప్రభుత్వమువారు పెక్కు గట్లను కొట్టించిరి. ఇప్పటికిని ఈ ప్రాంతపు జీవనమంతయు చేపలమీదనే. మంచుగడ్డలతో చేపలను నింపుకొని పోవు లారీలనుండి నీరు కారి, ఎండకాలమునను రోడ్డు తడిగా నుండును. తడిలో పట్టుగల టైరు వానకాలమునకే కాదని ఇచట గ్రహించితిమి.

కైకలూరు చెంతనున్న ఆటపాకలో గూడబాతుల కొలువు చూచితిమి. వందలకొలది పక్షులు చెట్లపైనను, ఇనుప మంచెలపైనను గూళ్లు కట్టుకొని, పిల్లల నోటికి చేపలందించుచున్నవి. తల్లిపక్షి పెద్దసంచివంటి ముక్కును తెఱువగా పిల్ల తన తలను అందులోనికే దూర్చును. మా మనుమరాలు రెప్పవేయక చూచుచు, “నానమ్మా, అది అమ్మనే తినేస్తోందా?” అని అడిగెను. ఇంతలో మ్రోత సైలెన్సరు బిగించిన మోటారుసైకిలొకటి రోడ్డున పోయెను. దగ్గఱి చెట్టునందలి పక్షులన్నియు ఒక్కుమ్మడిగా లేచి, గూళ్లు విడిచి, చాలసేపు గాలిలో తిరుగాడెను. మా చిన్నకుమారుడు మాటాడక, జేబులోని జాబితా తీసి ఒక పంక్తి కొట్టివేసెను. వానికి మేము ఏమియు చెప్పవలసిన పని లేకపోయెను.

ఆ రాత్రి కోడలి పుట్టింట నిలిచి, మఱునాడు వేకువను కైకలూరునుండి పెద్దఎడ్లగాడి మీదుగా ఏలూరు త్రోవ పట్టితిమి. ఇది సరస్సును చీల్చుకొని పోవు త్రోవ. ఇరుప్రక్కల నీరు, తూటికాడ, తెల్లని మంచు. కొల్లేరు నిండినప్పుడు ఈ రోడ్డుమీదికి నీరెక్కుట కలదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేటి నీరు తుదకు చేరునది ఈ సరస్సునకే.

అట్టిచోట గాలిని ఎక్కువగా పీల్చు ఫిల్టరు కథ వేఱగును. చల్లనిగాలి కొఱకని దాని గొట్టమును బంపరు వెనుక క్రిందుగా అమర్చుట కలదు. అది నీటిని తాకినచో గాలికి బదులు నీరే ఇంజనులోనికి పోవును. గాలి అణగును గాని నీరు అణగదు. లోపలి కడ్డీలు వంగి ఇంజనే పాడగును. కంపెనీవారు గొట్టమును ఎత్తున అమర్చుట ఊరక కాదు. ఎంత ఎత్తున నున్నను, నీరు పాఱు రోడ్డున దిగరాదు. ఒక అడుగు లోతు ప్రవాహమే చిన్నకారును తేల్చి త్రోయగలదు. నీటిలో ఇంజను ఆగినచో మరల తిప్పరాదు.

మంచులో మా బండి దీపములు చాలునా యని చూచితిమి. ఎదుట వచ్చు వాహనమువాడు మితిమీఱిన తెల్లని బల్బులు వేసికొనియుండుటచే గట్టు అంచు మాకు కానరాక, బండి నిలిపివేయవలసి వచ్చెను. మనము అట్టి బల్బులు వేసినచో ఎదుటివానికిని అదే గతి. దీపములను సరియైన ఎత్తునకు త్రిప్పించి, అద్దము శుభ్రముగా నుంచి, తుడుపుకఱ్ఱల రబ్బరు ఏటేట మార్చినచో చాలును.

ఇక చట్టము సంగతి. తయారుచేసిన కంపెనీ నిర్ణయించిన మూలలక్షణములకు విరుద్ధముగా బండిని మార్చరాదని, మోటారు వాహనముల చట్టము 52వ విభాగమును వివరించుచు సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పినది. శబ్దనియమములు మీఱినచో 10,000 రూపాయలవఱకు జరిమానా పడవచ్చును. అద్దములకు నల్లకాగితము అంటించుటను 2012లోనే ఆ న్యాయస్థానము నిషేధించెను. అన్నిటికన్న ముఖ్యమైనది భీమా. తెలుపకుండ చేసిన మార్పు బయటపడినచో ప్రమాదసమయమున పరిహారము నిరాకరింపబడవచ్చును. ముచ్చటకై చేసిన మార్పువలన కష్టకాలపు ఆసరా పోగొట్టుకొనుట వివేకము కాదు.

వెనుక కూర్చుండువారి బెల్టును గూర్చియు ఒక మాట. 2022 సెప్టెంబరు 4న టాటా సంస్థల పూర్వాధ్యక్షుడు సైరస్ మిస్త్రీగారు మహారాష్ట్రమున కారు ప్రమాదములో మరణించిరి. వెనుకసీటున నున్న ఆయన బెల్టు పెట్టుకొనలేదని పోలీసులు తెలిపిరి. పెద్దవారమైన మనము చీర నలుగునని వెనుకబెల్టు మానుచుందుము. పిల్లను ఒడిలో కూర్చుండబెట్టుకొనుట ప్రేమయే గాని రక్షణ కాదు. ఆకస్మికముగా బండి నిలిచినప్పుడు ఏ తల్లి చేతులును ఆ బరువును ఆపలేవు. సీటులోని ఐసోఫిక్స్ కొక్కెములకు బిగించు పిల్లలకుర్చీ దొరకును; దానిని కొనుట నిశ్చయించితిమి.

కారునకు మొట్టమొదట మెరుగు చేసిన వారిలో ఒక స్త్రీ కలదని చెప్పిన సోదరీమణులు ఆశ్చర్యపడుదురేమో. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ అను ఇల్లాలు తన భర్త నిర్మించిన మోటారుబండిలో ఇద్దఱు కుమారులతో మాన్‌హైమ్ నుండి ఫోర్జ్‌హైమ్ నందలి పుట్టింటికి ప్రయాణమయ్యెను. దారిలో దిగుడులందు కఱ్ఱబ్రేకులు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే వానికి తోలు కొట్టించెను. బ్రేకునకు పొర వేయుట అట్లు మొదలైనదని చెప్పుదురు. ఆమె బండికి శబ్దము చేర్చలేదు, అలంకారము చేర్చలేదు. త్రోవ ఏమి కోరెనో అది చేర్చెను.

ఇంటికి వచ్చి మేము ఏర్పఱచుకొన్న వరుస ఇది. మొదట సుత్తి, పిల్లలకుర్చీ, టైరుగాలి చూచు గేజి, గాలి పట్టు చిన్నపంపు. రెండవది, నడుపువారికి అనువుగా సీటు ఎత్తు, అద్దములు సరిచేసికొని, ఖాళీస్థలమున గట్టిగా బ్రేకు వేసి బండి నిలుపు అభ్యాసము. దీనికి వెల లేదు. మూడవది, రెండేండ్లకొకసారి బ్రేకు ద్రవము మార్చుట. అది గాలిలోని తేమను పీల్చుకొనుటచే, వేడియెక్కినప్పుడు బ్రేకు బలము తగ్గును. నాలుగవది, ఇప్పటి టైర్లు అరిగిన పిదప అదే కొలతలో తడికి మేలైనవి కొనుటకు నెలనెల కొంత సొమ్ము వేఱుగా నుంచుట. మిగిలిన పైకము మా కోడలి పేర బ్యాంకులో వేసితిమి. సోదరీమణుల యిండ్ల త్రోవలు కొండదారులు కావచ్చును, పట్టణపు సందులు కావచ్చును. వారి వరుసయు వేఱు కావచ్చును. దుకాణమునకు పోకమునుపు ఒకదినము ఆ త్రోవన నెమ్మదిగా పోయి, బండి నడుపువారు చెప్పు మాటలను ప్రక్కన కూర్చుండి వ్రాసికొనుడు.